పాటల ఉల్బోసిన్, ఏడు గుర్రాలు

కర్‌కరా పచ్చికల నుంచి కెగెన్ బజారు దాకా ఉల్బోసిన్ పాడని పెళ్ళి అసలు పెళ్ళి కిందే లెక్క కాదు. ముప్పై ఏళ్ళు అలా సాగింది. ఆమె క్యాసెట్టు మోగని లారీ లేదు, ఆమె ఫోటో అంటించని క్షౌరశాల లేదు. పెళ్ళికూతురి ముసుగు తీసే పాట ఆమె నోట వస్తే కోడలు కలిసొస్తుందని అత్తగార్లకు గట్టి నమ్మకం. కొందరైతే ఆమెకు ఖాళీ ఉన్న రోజు కనుక్కొని, ఆ తరవాతే పెళ్ళిరోజు పెట్టుకునేవారు.

అలాంటి మనిషి నలభై ఎనిమిదో ఏట, గొంతు ఇంకా కంచులా మోగుతుండగానే, పాట మానేసి గుర్రాల పాలు పితుకుతానంది. ఆ పాలు పులియబెట్టి కుమిస్ చేసి అమ్ముతానంది. ఊరు ఊరంతా పొట్ట పట్టుకొని నవ్వింది.

నవ్విందని ఊరిని తిట్టి లాభం లేదు. పేరున్నవాళ్ళు పని మార్చడం మేము చాలానే చూశాం. కుస్తీ వీరుడు బాతిర్బెక్ గోదా వదిలి ఎన్నికల్లో నిలబడితే సొంత వీధివాళ్ళే ఓటెయ్యలేదు. టీవీలో వాతావరణం చెప్పిన అమ్మాయి పూలకొట్టు పెట్టి, వడగళ్ళు పడే రోజునే పూలన్నీ తెచ్చి గుమ్మం బయట పేర్చుకుంది. ఉల్బోసిన్ కూడా అంతకు ముందొకసారి బ్యూటీ పార్లర్ తెరిచింది. జుట్టు కత్తిరించుకోవడానికి ఎవరూ రాలేదు గాని, ఆమెతో ఫోటో దిగడానికి మాత్రం వరసలు కట్టారు. ఏడాది తిరక్కుండా తలుపులు మూసింది.

మరి పాట ఎందుకు మానేసింది? గొంతు పోయిందా, పిలుపులు తగ్గాయా? అదేం కాదు. కిందటి శరదృతువులో ఒక పెళ్ళిలో పాడుతూ పాడుతూ, నేలమాళిగలో బంగాళాదుంపలు మొలకలెత్తుతున్నాయేమో అని ఆలోచించుకుంది. పాట మొత్తం దుంపల ధ్యాసలోనే అయిపోయింది. అయినా జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మర్నాడు ఇంకో ఊళ్ళో మనసు పెట్టి, ప్రాణం పెట్టి పాడింది. అవే చప్పట్లు, అంతే మోత. ఇంటికొచ్చి భర్త జరాస్‌తో ఒకటే మాట అంది.

"ఇదిగో, నేను బాగా పాడానో పాడు చేశానో చెప్పే మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కడూ మిగల్లేదు. ఇంక ఈ పని నాకొద్దు."

జరాస్ మంచివాడు. ముప్పై ఏళ్ళు భార్య వెనకాల మైకూ స్పీకర్లూ మోశాడు. "సరే, ఇప్పుడేం మొయ్యాలో చెప్పు," అన్నాడు.

మొయ్యాల్సింది పాల బకెట్లు. పాలివ్వడానికి గుర్రాలు కావాలి కదా, అవి జరాస్ అన్నగారివి. ఆయన పేరు సార్సెన్‌గలి. ఉల్బోసిన్ ఆ పేరు నోటితో అనదు, మా ఇళ్ళల్లో ఏ కోడలూ అనదు. బావగారు ఒట్టి పీనాసి కాదు గాని, నవ్వులపాలు కావడం బొత్తిగా గిట్టని మనిషి. ఈనిన గుర్రాలు ఏడింటిని ఎండాకాలం మొత్తానికీ పాడికి ఇస్తానన్నాడు గాని, ముందుగానే మెలిక పెట్టాడు.

"చూడు మరదలా, తొలి కుమిస్ రోజున ఎసిర్కెప్ తాత నీ సబా రుచి చూసి దీవించాలి. దీవించాడా, మంచు పడేదాకా గుర్రాలు నీవి. దీవించలేదనుకో, ఆ పూటే తోలుకుపోతాను. అవతల కెగెన్ వాళ్ళు అడుగుతున్నారు. పాటగత్తె గుర్రాల్ని పాడుచేసిందని నా వెనక నవ్వుకోవడం నాకొద్దు."

సబా అంటే పొగ పట్టించిన తోలుసంచి, కుమిస్ పులిసేది అందులోనే. ఏటా మొదటి సంచి సిద్ధమైనప్పుడు ఊళ్ళో పెద్దలు, అందరికన్నా ముందు ఎసిర్కెప్ తాత, వచ్చి రుచి చూస్తారు, చేతులెత్తి దీవిస్తారు. ఆ దీవెన లేని చోట కుమిస్ కొనే మొనగాడు మా లోయలో లేడు.

"అలాగే బావగారూ," అంది ఉల్బోసిన్. "మంచు పడ్డాకే వచ్చి తోలుకెళ్దురుగాని."

ఆ ధీమా చూసి పక్కింటి కలీపా అవ్వ విరగబడి నవ్వింది. కలీపా అవ్వకు డెబ్బై నాలుగేళ్ళు. అందులో యాభై ఐదేళ్ళు గుర్రాల పొదుగుల కిందే గడిచాయి. నేర్పమని అడిగితే కాదనలేదు గాని, మొదటి రోజు ఉల్బోసిన్ దగ్గరికొచ్చి వాసన చూసింది.

"సెంటు కొట్టుకొచ్చావేమే? గుర్రం దగ్గరికొచ్చావా, పెళ్ళి చూపులకొచ్చావా?"

"కొంచెమే అవ్వా."

"కొంచెమా! లోయ అవతల తోడేలుకి కూడా తుమ్ములొస్తాయి. పో, కడుక్కురా. ఆ ఉంగరాలు కూడా తీసెయ్."

కడుక్కొని వచ్చింది. గుర్రప్పిల్లలన్నిటినీ నేలమీద బిగించిన దామెనతాడుకు వరసగా కట్టి ఉంచుతారు. ఒక్కోదాన్ని విప్పి తల్లికి వదిలితే అది రెండు గుక్కలు కుడుస్తుంది, అప్పుడు తల్లి చేపుతుంది. పిల్లను పక్కకు లాగి, ఆ చేపు తగ్గేలోపు పితకాలి. ఒక మోకాలు నేలకు ఆనించి, రెండో మోకాలి మీద బకెట్టు పెట్టుకొని, ఎడమ చెయ్యి గుర్రం వెనకకాలి చుట్టూ తిప్పి మరీ పితకాలి. చెప్పినంత తేలిక కాదు. పైగా రెండేసి గంటలకోసారి, రోజుకు ఐదుసార్లు. ఉల్బోసిన్ కూర్చుంది, గోధుమరంగు గుర్రం పొదుగు పట్టుకుంది, దాన్ని మచ్చిక చేసుకుందామని తన పాటల్లోకెల్లా పేరున్న పాట ఎత్తుకుంది.

గుర్రం చెవులు వెనక్కి పెట్టి ఒక్క తన్ను తన్నింది. బకెట్టు దొర్లుకుంటూ పోయి జరాస్ కాళ్ళ దగ్గర ఆగింది.

"నోర్ముయ్యవే తల్లీ!" అని అరిచింది కలీపా అవ్వ. "అదేమన్నా నీ పాటకి టిక్కెట్టు కొనుక్కుందా?"

"పాడితే చేపుతాయని విన్నానే!"

"ఎవరో కథలు చెప్పుంటారు. మైకులో పాడినట్టు పాడితే చేపుతాయా? పాలు పైకెగలాక్కుంటాయి. నోరు మూసుకొని ఊపిరి పీల్చు. నీ ఊపిరే దానికి తెలియాలి."

నోరు మూసుకోవడం! ముప్పై ఏళ్ళు నోటితో బతికిన మనిషికి అంతకన్నా శిక్ష ఉందా? అయినా ఉల్బోసిన్ మూసుకుంది. మొండిది. పదహారేళ్ళకే వెయ్యిమంది ముందు వణక్కుండా నిలబడిన మనిషి, ఏడు గుర్రాల ముందు వెనక్కి తగ్గుతుందా? మొదటి వారం మణికట్లు వాచి, చెంచా పట్టుకోలేక జరాస్ చేత తినిపించుకుంది. రెండో వారం మోకాలి మీద కాయ కాసింది. మూడో వారానికి పొగరుబోతు నల్లగుర్రం కూడా ఆమె దగ్గరికి రాగానే కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడటం మొదలుపెట్టింది. దారినపోయే లారీవాళ్ళు బండ్లాపి "అక్కా, ఒక్క పాట!" అని అరిస్తే, ఆమె పొదుగు వదలకుండా తల అడ్డంగా ఊపేది.

కలీపా అవ్వ ఎదురుగా పొగిడే రకం కాదు. కాని ఒకరోజు తన ఇంట్లో ఉన్న పాత తోడు తెచ్చి, ఉల్బోసిన్ సబాలో తన చేత్తోనే పోసింది. ఆ తోడు అవ్వ తన కూతురికి కూడా ఇవ్వలేదు. ఊళ్ళో నవ్వులు ఆ రోజుతో సగం తగ్గాయి.

సరిగ్గా అప్పుడు దిగాడు బాగ్లాన్. పెళ్ళిళ్ళలో మైకు పట్టుకొని నాలుగు మాటలకు ఒక జోకు వేసే మనిషి. ఉల్బోసిన్‌తో పదిహేనేళ్ళు ఊళ్ళు తిరిగాడు. కారు దిగుతూనే చేతులు చాపాడు.

"అక్కా! తొలి కుమిస్‌ని నాకొదిలెయ్యి. ఆదివారం, పొద్దున పదింటికి. టీవీవాళ్ళని తెస్తాను. కోకిల కుమిస్ అని పేరు పెడదాం, ఎలా ఉంది?"

"ఆదివారమా?" అంది ఉల్బోసిన్. ఒక్క క్షణం ఆలోచించి, "సరే, పదింటికే పెట్టు," అనేసింది.

ఆలూ లేదు చూలూ లేదు, బారసాలకు మాత్రం రోజు కుదిరింది. ఉల్బోసిన్‌ను ఏం తప్పుపడతాం? ముప్పై ఏళ్ళు ఆమె బతుకంతా అలాగే గడిచింది. ముందు తేదీ వస్తుంది, తరవాత పాట వస్తుంది. జ్వరమొచ్చినా, కారు చెడిపోయినా, ఆ గంటకు ఆమె మైకు ముందు ఉండేది. కుమిస్ కూడా అలాగే వస్తుందనుకుంది.

విన్న కలీపా అవ్వ కవ్వం ఆపి, నుదురు కొట్టుకుంది. "కుమిస్‌కి తేదీ వేస్తావేమే పిచ్చిదానా? అది అయినప్పుడు అవుతుంది, అయ్యాక మనుషుల్ని పిలవాలి. దాన్నే పిలిచి రమ్మంటే వస్తుందా?"

అవ్వ అన్నంతా అయింది. బుధవారం నుంచి కొండల మీద చల్లగాలి మొదలైంది. సబాకు గొర్రెతోళ్ళు కప్పారు, పొయ్యి పక్కకు జరిపారు. మొగుడూ పెళ్ళాలు వంతులేసుకొని చిలికారు. శనివారం సాయంత్రం అవ్వ గరిటెతో తీసి నాలుక మీద వేసుకొని కాసేపు కళ్ళు మూసుకుంది.

"తీపి ఇంకా విరగలేదు. రేపు సాయంత్రానికి తిరుగుతుంది. పొద్దునకి కాదు."

"మాట ఇచ్చేశాను అవ్వా. ఊరంతా వస్తోంది."

"ఊరికిచ్చావు మాట. సబాకిచ్చావా?"

ఉల్బోసిన్ సబా మీద గొర్రెతోళ్ళు ఇంకాస్త బిగించి కప్పింది. పూటలో ఏం తేడా వస్తుందిలే, ఎవరు కనిపెడతారులే అనుకుంది. ముప్పై ఏళ్ళుగా ఎవరూ ఏదీ కనిపెట్టలేదు కదా.

ఆదివారం పొద్దున్నే పచ్చికలో వేసుకున్న గుడారం ముందు తివాచీలు పరిచారు. నూనెలో వేయించిన పిండిముద్దలు, బౌర్సాక్‌లు, గుట్టలు పోశారు, మాంసం ఉడుకుతోంది. పిలవని జనం కూడా వచ్చారు. నడిమధ్యలో ఎసిర్కెప్ తాత, ఎనభై రెండేళ్ళ మనిషి, తెల్ల టోపీ పెట్టుకొని కూర్చున్నాడు. ఆ పక్కన బావగారు. ఆయన గుర్రం జీనుకు ఏడు తలతాళ్ళు వేలాడుతున్నాయి. అవి ఎందుకు తెచ్చాడో ఎవరికీ చెప్పక్కర్లేదు.

సబా మూతి విప్పారు. కలీపా అవ్వ తొలి గిన్నె నింపింది. దాన్ని తాతకు అందించాల్సింది ఇంటి ఇల్లాలు. అదీ పద్ధతి. కాని మధ్యలో బాగ్లాన్ ఉన్నాడు కదా, మైకు కూడా ఉంది. అవ్వ చేతిలో గిన్నె అందుకొని, కెమెరా వైపు తిరిగి, "మన లోయ కోకిల చేతికి!" అంటూ ఉల్బోసిన్ చేతిలో పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఉల్బోసిన్ గిన్నె ఎత్తి గటగటా తాగేసింది.

ముప్పై ఏళ్ళ అలవాటు! ఏ పెళ్ళికి వెళ్ళినా మొదటి గిన్నె పాటగత్తెకే వచ్చేది. చప్పట్లు పడేవి, తాగేది, చెయ్యెత్తి అందరికీ చూపించేది. ఇప్పుడూ తాగి చెయ్యెత్తింది. ఎత్తాక చూసింది. ఎసిర్కెప్ తాత గిన్నె కోసం చాపిన రెండు చేతులూ ఇంకా అలాగే గాలిలో ఉన్నాయి.

చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పెద్దలు ముట్టని, దీవించని తొలి కుమిస్ ఇంటావిడే ముందు తాగడం! మా లోయలో ఎవరూ ఎప్పుడూ కనలేదు, వినలేదు. ఒక ముసలావిడ సిగ్గుచేటన్నట్టు చెంప గోక్కుంటూ "అయ్యో, అయ్యో" అంది. వెనక నుంచి ఎవరో "పాటగత్తెకి పాలసంచి ఎందుకంట?" అని గట్టిగానే అన్నారు. ఇంకెవరో "ఇంక పారబొయ్యండి" అన్నారు.

"తెల్లని పాలని నేలపాలు చేస్తావురా? నీ నోట్లో మన్ను పడ!" అని వాడి మీద విరుచుకుపడింది కలీపా అవ్వ.

బావగారు లేచాడు. తన గుర్రం దగ్గరికి నడిచి తలతాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.

ఉల్బోసిన్‌కు ఒళ్ళంతా సిగ్గుతో భగ్గుమంది. ఏడవాలనిపించింది. వేదిక మీద ఏడ్చి మెప్పించడం ఆమెకు కొత్త కాదు, అది కూడా తెలుసు. ఏడవలేదు. తాత ముందుకు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది.

"తప్పు చేశాను తాతా. గిన్నె చేతికొస్తే తాగడమే తెలుసు నాకు. ఇవ్వడం ఇంకా చేతికి అలవాటు కాలేదు."

తాత చాపిన చేతులు నెమ్మదిగా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సరేలే. రుచి చూడాల్సింది నేను, చూసింది నువ్వు. అయితే నా పని నువ్వే చెయ్యి. ఎలా ఉందో చెప్పు."

వెనకనుంచి బాగ్లాన్ మైకు మూసి, "బ్రహ్మాండం అను అక్కా, బ్రహ్మాండం అను!" అని గుసగుసలాడాడు. కెమెరా ఆమె ముఖానికి దగ్గరగా వచ్చింది. పచ్చికలో తలతాళ్ళు పట్టుకొని బావగారు కూడా ఆగాడు. బాగుందంటే చాలు. కోకిల బాగుందంటే కాదనే దమ్ము ఆ జనంలో ఎవరికుంది? తాత కూడా పెద్దమనసు చేసుకొని ఊరుకునేవాడేమో.

ఉల్బోసిన్ నాలుక పై అంగిలికి ఆనించి ఒక్కసారి చప్పరించింది. మింగింది గాని రుచి ఇంకా అక్కడే ఉంది. తెలుస్తోంది. ఎవరూ చెప్పకుండా, ఎవరూ చప్పట్లు కొట్టకుండా, తనకే తెలుస్తోంది! ఆ సిగ్గులోనే ఒక్కసారిగా సంతోషం పొంగుకొచ్చింది.

"కాలేదు తాతా," అంది. గొంతు తగ్గించలేదు, చివర కూర్చున్నవాళ్ళకీ వినపడింది. "పైన పులుపు తగిలినా లోపల తీపి అలాగే ఉంది. పొగ కూడా ఎక్కువైంది, సంచి తొందరగా వెచ్చబడాలని రెండుసార్లు పట్టించాను. ఇంకో పూట ఆగాలి. అవ్వ నిన్నే చెప్పింది. తేదీ ఇచ్చానని నేనే వినలేదు."

"విన్నారా?" అన్నాడు బావగారు, దూరం నుంచే. "తన నోటితో తనే చెప్పుకుంది."

"నువ్వు కాస్త ఉండవోయ్," అని తాత చెయ్యి చాపాడు. "ఒక గిన్నె ఇటివ్వు తల్లీ."

ఈసారి ఉల్బోసిన్ రెండు చేతులా పట్టుకొని ఇచ్చింది. తాత కొంచెం నోట్లో పోసుకొని, పళ్ళులేని దవడలు అటూ ఇటూ ఆడించాడు. ఇంకో గుక్క తాగాడు. మీసం తుడుచుకున్నాడు.

"అవును, ఇంకో పూట, సాయంత్రానికి సరిపోతుంది. పొగ మాట నిజమే," అన్నాడు. తరవాత అందరి వైపూ తిరిగాడు. "ఒరే, అరవై ఏళ్ళుగా తొలి కుమిస్‌లు తాగుతున్నాను. 'తాగండి తాతా, ఇంత మంచిది ఇంతవరకు చెయ్యలేదు' అన్నవాళ్ళే అందరూ. వాళ్ళు చెప్పిన మంచికి ఎన్ని రాత్రులు కడుపు పట్టుకొని దొర్లానో నా ముసల్దాన్ని అడగండి. 'నాది ఇంకా కాలేదు' అన్నదాన్ని ఇవాళే చూశాను. అది కూడా తాళ్ళు పట్టుకొని మనిషి నిలబడి ఉండగా."

కొందరు నవ్వారు. తాత నవ్వలేదు. అరచేతులు రెండూ ఆకాశానికి తిప్పి పట్టాడు. అది చూసి అందరి చేతులూ లేచాయి.

"ఈ కుమిస్‌ని దీవించడం లేదు, ఇది ఇంకా కుమిస్ కాలేదు కాబట్టి. ఈ చేతుల్ని దీవిస్తున్నాను. ఈ చేతుల కింద ఏ గుర్రమూ పాలు బిగపట్టకుండు గాక. ఈ నాలుక తన సబా మీద తను అబద్ధం చెప్పకుండు గాక. ఆమీన్!"

"ఆమీన్!" అంటూ అందరూ అరచేతులతో ముఖాలు తడుముకున్నారు. కలీపా అవ్వ తడుముకున్న చేతుల్ని ముఖం మీంచి కాసేపటిదాకా తియ్యలేదు. జరాస్ అయితే సిగ్గు విడిచి బావురుమన్నాడు.

బాగ్లాన్ ఊరుకుంటాడా? మైకు తెరిచి, "ఈ శుభవేళ మన అక్క ఒక్క పాట..." అన్నాడు. ఉల్బోసిన్ అప్పటికే లేచి, చేతులు మోచేతుల దాకా పైకి మడుచుకుంటోంది. దామెనతాడు దగ్గర పిల్లలు సకిలిస్తున్నాయి, పితికే వేళ దాటిపోతోంది.

"పాట నువ్వే పాడుకో," అంది. "గుర్రాలకి వినపడనంత దూరం పోయి పాడు."

బావగారు తలతాళ్ళు మళ్ళీ జీనుకు తగిలించాడు. తాత రుచి చూశాడు, దీవించాడు, మరి మాటంటే మాటే, అందులో ఆయనకు పేరుంది. తివాచీ దగ్గరికి వచ్చి, ఎవరి వైపూ చూడకుండా గిన్నె తీసుకొని తాగాడు. ముఖం చిట్లించాడు. ఖాళీ గిన్నె మళ్ళీ చాపాడు.

"ఇంకొంచెం పొయ్యి. తాత అన్నంత తీపేం లేదులే." పోశాక, మాట మార్చడానికన్నట్టు, "వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాను, పదింటికి. అప్పటికి సరిగ్గా చెయ్యి," అన్నాడు.

ఉల్బోసిన్ బకెట్టు మోచేతికి తగిలించుకొని గుర్రాల వైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"ఆదివారమూ వద్దు, పదింటికీ వద్దు బావగారూ. అయినప్పుడు నేనే కబురు పెడతాను."